నలభైకి ఒకటి

డైనోసార్ బొమ్మ చేతికొస్తే నేను ముందు దాని మొహం చూడను. వెల్లకిలా తిప్పి పొట్ట చూస్తాను. మంచి బొమ్మకి అక్కడ చిన్న అక్షరాల్లో జంతువు పేరు, అచ్చు తయారైన సంవత్సరం, కొన్నిటికి మ్యూజియం పేరు కూడా ఉంటాయి. ఎగ్జిబిషన్లో సంచీకి డజను చొప్పున అమ్మే వాటికి 'మేడ్ ఇన్ చైనా' అని తప్ప ఇంకేమీ ఉండదు. మ్యూజియం బొమ్మలూ చాలావరకు చైనాలో తయారైనవే, అది వేరే సంగతి.

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు హాల్లో అద్దాల బీరువా చూసి "మనవడికా అండీ?" అని అడుగుతారు. నాకు మనవడు లేడు. అవి నావి. చెప్పగానే కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత కాఫీ గురించో, వర్షాల గురించో మాట్లాడుకుంటాం.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందని అడిగితే పిట్స్‌బర్గ్ అని చెప్పడం అలవాటైంది. సరిగ్గా చెప్పాలంటే మందమర్రిలోనే మొదలైంది.

మా బాపు సింగరేణిలో సర్వేయర్. బొగ్గు బావి కింద ఏ గ్యాలరీ ఎంత దూరం పోయింది, పాత పనులకు ఎంత దగ్గరికి వచ్చింది అని కొలిచి ప్లాన్ మీదికి ఎక్కించడం ఆయన పని. మా క్వార్టర్లో బొమ్మలు పెద్దగా లేవు కానీ స్కేళ్లు మాత్రం రకరకాలవి ఉండేవి. ఏదైనా గీసి చూపిస్తే బాగుందని అనేవాడు కాదు. "స్కేలు ఎంత?" అని అడిగేవాడు. నేను ఇల్లు గీస్తే ఇల్లు స్కేలెంత, చెట్టు గీస్తే చెట్టు స్కేలెంత. "స్కేలు రాయని మ్యాప్ మ్యాప్ గాదు బిడ్డా, అది బొమ్మ" అనేవాడు. ఒకసారి బావిలోంచి నల్లటి రాతి పలక ఒకటి తెచ్చాడు. దాని మీద నాలుక ఆకారంలో ఆకు ముద్ర, నడి ఈనె, దాని నుంచి వల లాగా అల్లుకున్న సన్న ఈనెలు. బొగ్గు పొరల పైన ఉండే షేల్ రాతిలో ఇలాంటివి దొరుకుతాయని చెప్పాడు. గ్లాసోప్టెరిస్ అనే పేరు నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికైతే అది మా ఇంట్లో పేపర్ వెయిట్.

తర్వాత నేను సివిల్ డిప్లొమా చేశాను. డ్రాయింగ్ బోర్డు మీద 1:50, 1:100 నా చేతిలోకి వచ్చేశాయి. కొన్నాళ్లు ఉద్యోగం. పెళ్లి. 1996లో మా వారితో పిట్స్‌బర్గ్ వెళ్లాను, హెచ్-4 వీసా మీద. ఆ వీసా మీద వెళ్లిన ఆడవాళ్లకు ఆ రోజులు ఎలా ఉండేవో వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం చేయకూడదు. కారు రాదు. మధ్యాహ్నం రెండింటికే ఇంటి పనంతా అయిపోయేది. శనివారం పెన్‌హిల్స్ కొండ మీది వేంకటేశ్వరుడి గుడి, అక్కడి పులిహోర, నాలుగు తెలుగు మొహాలు. అమెరికాలో మనవాళ్లు ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వచ్చే గుడి అది, 1976 నాటిది. మాకు మాత్రం ఊళ్లోనే ఉండేది. మిగతా ఐదారు రోజులు ఎలా గడపాలన్నదే ప్రశ్న.

పిట్స్‌బర్గ్‌లోనే ఓక్‌లాండ్ అనే పేటలో ఒకే పెద్ద రాతి కట్టడంలో ఒక వైపు కార్నెగీ లైబ్రరీ, మరో వైపు కార్నెగీ మ్యూజియం. లైబ్రరీకి డబ్బులు అక్కర్లేదు కాబట్టి బస్సెక్కి అక్కడికి వెళ్లేదాన్ని. కొన్నాళ్లకు మా వారు మ్యూజియానికి ఏడాది మెంబర్‌షిప్ తీసిచ్చారు. నగ కొనిస్తానన్న మాటకు బదులు అనుకోండి. నాకేం నష్టం జరగలేదు.

ఆ డైనోసార్ హాలు గురించి చెప్పాలి. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో 1899లో వయోమింగ్‌లో తవ్వి తీసిన డిప్లొడోకస్ అక్కడ ఉంది. దాని శాస్త్రీయ నామంలో కార్నెగీ పేరే చేర్చారు. ఆయనకు ఆ జంతువంటే ఎంత గొప్పంటే, ప్లాస్టర్‌తో నకళ్లు పోయించి దేశదేశాల రాజులకూ ప్రభుత్వాలకూ పంపాడు. లండన్‌లో 1905లో నిలబెట్టిన 'డిప్పీ' అలా వెళ్లిందే. అసలు ఎముకలు మాత్రం పిట్స్‌బర్గ్‌లోనే. పక్కనే అపాటోసారస్, దానికి కార్నెగీ భార్య లూయీస్ పేరు. ఆ జంతువు కథ నాకు ఎప్పటికీ సరదాగానే ఉంటుంది. దాని తల ఏదో తేల్చుకోలేక ఏళ్ల తరబడి మొండెంగానే నిలబెట్టారు. 1932లో ఒక తల తగిలించారు, అది వేరే జాతి తల. 1979 వరకు అలాగే ఉంది. అప్పుడు గానీ సరైన తల రాలేదు. అంటే దాదాపు యాభై ఏళ్ల పాటు ఆ ఊరి పిల్లలంతా తప్పు తలను చూసి పెరిగారన్నమాట.

ఇక టైరానోసారస్. 1902లో మోంటానాలో దొరికింది. టి-రెక్స్ అనే జాతికి ఆ పేరు పెట్టింది ఈ ఎముకల ఆధారంగానే. న్యూయార్క్ మ్యూజియం నుంచి 1941లో దీన్ని కొన్నారు. నేను చూసే నాటికి తోక నేలకు ఆనించి, నిటారుగా నిలబడి ఉండేది. ఆ భంగిమ తప్పని శాస్త్రవేత్తలకు అప్పటికే తెలుసు. కానీ ఎముకల్ని విప్పి మళ్లీ నిలబెట్టడం చిన్న పని కాదు కదా.

హాలు చూసి బయటికొస్తే దారిలోనే షాపు. అక్కడ మొదటిసారి చూశాను ఆ బొమ్మల్ని. సఫారీ లిమిటెడ్ అనే కంపెనీ కార్నెగీ మ్యూజియంతో కలిసి 1988 నుంచి చేస్తున్న వరస అది. బొమ్మల రూపం మలిచిన శిల్పి ఫారెస్ట్ రోజర్స్ అనే ఆవిడ. నన్ను ఆపింది ఆ రంగులు కాదు, చర్మం మీది ముడతలూ కాదు. బొమ్మతో పాటు ఉన్న కాగితం మీద '1:40' అని ఉంది, అంటే అసలు జంతువు పొడవులో నలభయ్యో వంతు.

ఒక బొమ్మకు స్కేలు రాసి ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

డాలరుకు 35 రూపాయల లెక్కలో గుణించుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. ఆ అలవాటు పోవడానికి మనవాళ్లకు రెండు మూడేళ్లు పడుతుంది. చివరికి ట్రైసెరటాప్స్ కొన్నాను. ఇంటికి రాగానే పెట్టె అడుగున ఉన్న ట్రయాంగులర్ స్కేలు తీసి ముక్కు నుంచి తోక చివరి వరకు కొలిచాను. 40తో గుణిస్తే పుస్తకంలో ఇచ్చిన 8, 9 మీటర్లకు దగ్గరగా వచ్చింది. ఆ సాయంత్రం మా వారు వచ్చేసరికి నేను వంటింటి గట్టు మీద ట్రైసెరటాప్స్ కొమ్ము పొడవు లెక్కేస్తున్నాను. ఆయన ఏమీ అనలేదు. అన్నం మాత్రం ఆలస్యమైంది.

తర్వాత ఒక్కొక్కటీ చేరాయి. అన్నీ కొలిచాను. అన్నీ కచ్చితంగా నలభైకి సరిపోవు. ఒకటి 38కి వస్తుంది, ఇంకోటి 45 దాకా పోతుంది. చిన్న జంతువుల దగ్గరైతే కంపెనీ స్కేలును పూర్తిగా పక్కన పెట్టేసేది. అందులో వాళ్ల తప్పు లేదు. కాంప్సొగ్నాథస్ మీటరు పొడవుంటుంది. 1:40లో చేస్తే రెండున్నర సెంటీమీటర్లు. పిల్లలు మింగేస్తారు. మైక్రోరాప్టర్ అయితే రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అందుకని చిన్నవాటిని పెంచి చేసేవారు. బీరువాలో నేను వాటికి వేరే అర కేటాయించాను. ఎవరైనా పిల్లలు వచ్చి ఆ అరలోది తీసి టి-రెక్స్ పక్కన పెడితే నాకు లోపల ఏదో అయిపోతుంది. పైకి నవ్వుతాను. వాళ్లు వెళ్లగానే మళ్లీ సర్దేస్తాను.

స్కేలు ఉంటే సరిపోదు, పక్కన మనిషి ఉండాలి. ఇంజనీరింగ్ డ్రాయింగుల్లో ఎలివేషన్ పక్కన ఒక మనిషిని నిలబెడతారు చూడండి, అలా. బాపు ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, అంటే 165 సెంటీమీటర్లు. నలభైతో భాగిస్తే 4 సెంటీమీటర్ల పైన ఒక గీత. వంటింట్లో అగ్గిపుల్ల కొలిచి చూస్తే ఇంచుమించు అంతే. ఆ రోజు నుంచి మా బీరువాలో ప్రతి అరలోనూ ఒక అగ్గిపుల్ల నిలబడి ఉంటుంది. 26 మీటర్ల డిప్లొడోకస్ ఈ లెక్కలో 65 సెంటీమీటర్లు. దాని పక్కన అగ్గిపుల్లను చూశాకే ఆ హాల్లో తల పైకెత్తి చూసిన ఎముకలు ఎంతవో నాకు పూర్తిగా తెలిసింది. నిజమైన ఎముకల కింద నిలబడినప్పుడు పెద్దగా ఉందనిపిస్తుందే తప్ప ఎంత పెద్దదో కంటికి ఒకేసారి ఆనదు. పైనుంచి మొత్తం కనబడాలంటే దాన్ని చిన్నది చేయాల్సిందే. బాపు బావిని కాగితం మీద పెట్టినట్టు.

లైబ్రరీలోనే ఒక రోజు సారోపాడ్‌ల, అంటే డిప్లొడోకస్ లాంటి పొడుగు మెడ డైనోసార్‌ల, పట్టికలో కళ్లు ఆగిపోయాయి. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. భారత్, ఆంధ్రప్రదేశ్, యామన్‌పల్లి. అప్పటికి తెలంగాణ రాలేదు. యామన్‌పల్లి అంటే మా ఆదిలాబాద్ జిల్లా! ప్రాణహిత-గోదావరి లోయ. సుమారు 2,400 చదరపు మీటర్ల చోటులో 1970ల చివర్లో 840 ఎముక భాగాలు దొరికాయట. కనీసం పన్నెండు జంతువులవి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టారు. ఆ ఎముకలు తవ్వుతున్న రోజుల్లో నేను మందమర్రి బడిలో రెండో ఎక్కం వల్లె వేస్తూ ఉండి ఉంటాను. అదే లోయలో దొరికిన బరపాసారస్ గురించీ అక్కడే చదివాను. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వి తీసి, టాగూర్ పేరు కలిపి, 1975లో ప్రకటించారు. గణాంకాల సంస్థకు రాక్షసబల్లితో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. సంస్థను పెట్టిన మహలనోబిస్‌కు భూగర్భ శాస్త్రం మీద కూడా ఆసక్తి. లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించి మరీ ఆ పని మొదలుపెట్టించారు.

ఆ రాత్రి బాపుకు ఫోన్ చేశాను. అప్పుడు ఫోన్ అంటే కాలింగ్ కార్డు, నిమిషాల లెక్క. విషయం చెప్పాను. అటు వైపు కొంచెంసేపు చప్పుడు లేదు. "ఎంత పొడుగు?" అన్నాడు. తొమ్మిది మీటర్ల దాకా ఉండొచ్చంటున్నారని చెప్పాను. "నలభైకి ఎంత?" ఇరవై రెండున్నర సెంటీమీటర్లు బాపూ. "దొరుకుతదా?" దొరకదు. అప్పుడే కాదు, ఆ తర్వాత ఏ షాపులోనూ నాకు అది కనబడలేదు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. మ్యూజియం బొమ్మల వరసల్లో నాకు అన్నిటికంటే గౌరవం ఇన్విక్టా వాళ్ల మీద. ఇంగ్లండ్ కంపెనీ. మాస్టర్‌మైండ్ అని రంగు రంగుల గుబ్బలతో ఒక ఆట ఉంది కదా, అది చేసింది కూడా వీళ్లే. 1974 నుంచి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం డైనోసార్‌లు చేశారు, 1:45 స్కేలులో. ఒక్కో జంతువుకు ఒక్కటే రంగు, గోధుమో, ఆకుపచ్చో, బూడిదో. కళ్లకు కూడా వేరే రంగు ఉండదు. మా వారి పిన్ని కొడుకు లండన్‌లో ఉంటే, పాత సామాన్ల సంతలో కనబడ్డవి కొని పంపేవాడు. "వదినా, ఇవి రంగు వెలిసిపోయినట్టున్నాయి, పరవాలేదా?" అని అడిగేవాడు. వెలవలేదు నాయనా, పుట్టుకే అంత అని చెప్పేదాన్ని. రంగు లేకపోవడం వల్లే ఏమో, ఆకారం ఎంత శ్రద్ధగా మలిచారో కనబడుతుంది. ఇంకో మంచి వరస బోస్టన్ మ్యూజియం ఆఫ్ సైన్స్ కోసం బటాట్ కంపెనీ 1994లో మొదలుపెట్టింది, అది కూడా 1:40. డాన్ లోరుస్సో, గ్రెగ్ వెంజెల్ మలిచినవి. ఆ కాలానికి అంత సరైన బొమ్మలు ఇంకెవరూ చేయలేదని సేకరణదారులు ఇప్పటికీ అంటారు. నేనూ అంటాను. పాపో కంపెనీ బొమ్మలు చూడటానికి ఎంత బాగున్నా నా బీరువాలోకి రాలేదు. పాపో టి-రెక్స్‌ను చూసి ముచ్చటపడని మనిషి ఉండరు. కానీ స్కేలు ఎంత? ఎవరూ చెప్పరు.

ఇన్విక్టా సంగతి ఎందుకెత్తానంటే, వాటితో నిజంగా సైన్స్ చేశారు. లీడ్స్ యూనివర్సిటీలో మెక్‌నీల్ అలెగ్జాండర్ అని జంతువుల కదలికలను లెక్కలతో పరిశోధించిన ప్రొఫెసర్ ఉండేవారు. 1980లలో ఆయన డైనోసార్‌ల బరువు కట్టడానికి మ్యూజియం షాపులో అమ్మే ఈ ప్లాస్టిక్ బొమ్మలనే వాడారు. నీళ్లలో ముంచితే బొమ్మ ఎంత చోటు ఆక్రమిస్తుందో తెలుస్తుంది. దాన్ని స్కేలు ఘనంతో గుణిస్తే నిజమైన జంతువు పరిమాణం. జంతువు ఒళ్లు దాదాపు నీళ్లంత సాంద్రతే కాబట్టి, అదే దాని బరువు. అలా టి-రెక్స్‌కు 7.4 టన్నులు, బ్రాకియోసారస్‌కు 46.6 టన్నులు వచ్చాయి.

ఇది చదివాక నేను ఆగగలనా?

40 ఘనం 64,000. అంటే 1:40 బొమ్మ ఒక్క మిల్లీలీటరు నీటిని పక్కకు తోస్తే, అసలు జంతువులో అది 64 లీటర్లు, 64 కిలోలు. ఒక మనిషి బరువు! ఈ లెక్క కాగితం మీద తేలినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా అబ్బాయి చిన్నప్పటి పాలసీసా మీద మిల్లీలీటర్ల గీతలు ఉండేవి, అది కొలత పాత్ర అయింది. పెద్ద స్టీలు గిన్నెను అంచు దాకా నీళ్లతో నింపి, వెడల్పాటి పళ్లెంలో పెట్టి, బొమ్మను నెమ్మదిగా దించడం. పొర్లిన నీళ్లన్నీ పళ్లెంలోకి. వాటిని జాగ్రత్తగా సీసాలోకి ఒంపి చూడటం. కొన్ని బొమ్మలు లోపల డొల్ల, తేలిపోతాయి. స్వెటర్ అల్లే సూదితో నొక్కి పట్టాలి. ఒకవేళ అతుకు దగ్గర చిల్లు ఉంటే లోపలికి నీళ్లు పోయి లెక్క చెడుతుంది, అందుకని ముందే కొవ్వొత్తి మైనం పూయాలి. అబ్బాయికి అప్పుడు ఆరేళ్లు. ఒక్కో బొట్టు పొర్లుతుంటే "ఇదిగో ఒక నాన్న, ఇదిగో ఇంకో నాన్న" అని లెక్కపెట్టేవాడు. టి-రెక్స్ ముంచితే వంద మంది పైగా నాన్నలు పళ్లెంలో పడ్డారు.

ఆ రోజు స్కేలు విలువ కొత్తగా తెలిసింది. పొడవులో చిన్న తేడా పెద్ద విషయం కాదు అనుకునేదాన్ని. కానీ అదే బొమ్మను 40 అనుకుంటే మిల్లీలీటరుకు 64 కిలోలు, 38 అనుకుంటే 55 కిలోలు, ఇన్విక్టా వాళ్ల 45 అయితే 91 కిలోలు. ఒక్క అంకె అటూ ఇటూ అయితే టన్నులకు టన్నులే గల్లంతు. శిల్పి చేతిలో బంకమట్టి ఒక చిటికెడు ఎక్కువై పొట్ట కొంచెం లావైతే జంతువు ఒకరిద్దరు మనుషులంత బరువు పెరుగుతుంది. బ్రాకియోసారస్ మీద తర్వాత వచ్చిన అంచనాలు చాలావరకు అలెగ్జాండర్ లెక్క కన్నా తక్కువే. బొమ్మ బొద్దుగా ఉండటం, మెడ ఎముకల్లో గాలి సంచులు ఉండటం, రెండూ కారణాలే. మా వారు మాత్రం ఇంకో కోణం పట్టుకున్నారు. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడతావా అని.

1999లో డిప్లొడోకస్ దొరికి వందేళ్లయిందని మ్యూజియం బయట, ఫోర్బ్స్ అవెన్యూ పక్కన, నిలువెత్తు డిప్పీ విగ్రహం పెట్టారు. స్కేలు ఒకటికి ఒకటి! చలికాలంలో దాని మెడకు పెద్ద మఫ్లర్ చుడతారు. బస్సులోంచి ప్రతిసారీ చూసేదాన్ని. 2007 చివర్లో హాలును పూర్తిగా మార్చి తెరిచారు. టి-రెక్స్ తోక గాల్లోకి లేచింది, వీపు నేలకు సమాంతరమైంది. బొమ్మల్లోనూ అదే కథ. పొట్ట కింద సంవత్సరం చూసుకుంటూ వరసగా పేరిస్తే పాత సారోపాడ్‌లు తోకలీడ్చుకుంటూ, కొత్తవి తోకలెత్తుకుని నడుస్తాయి. రెండు కాళ్ల మాంసాహారులు మాత్రం చాలాకాలం తోకను మూడో కాలుగా వాడుకుంటూనే ఉన్నాయి. సైన్సుకు తెలిసినా ప్లాస్టిక్‌కు చేతకాలేదు. మెత్తటి ప్లాస్టిక్ చీలమండల మీద అంత ఒళ్లు నిలబడదు మరి.

ఆ సంగతి 2008లో హైదరాబాద్ వచ్చాక ఇంకా బాగా తెలిసింది. వాటిని పట్టుచీరల మధ్య చుట్టి తెచ్చాను. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తెరిపించి ఒకాయన స్టెగోసారస్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నా మొహం చూసి, మాట్లాడకుండా పెట్టేశాడు. మే నెల వచ్చింది. పడమటి గోడ వేడికి మాంసాహారులన్నీ ముందుకు వాలిపోయాయి. ఒకటి పడితే పక్కదాన్ని తోసేది. దీనికి మందు వేడినీళ్లే. బాగా మరిగించి దించిన నీళ్లలో కాళ్లు ముంచి, మెత్తబడ్డాక నిటారుగా వంచి, వెంటనే చన్నీళ్లలో పెట్టాలి. బిగుసుకుంటాయి. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద గిన్నెలోంచి అలోసారస్ తల బయటికి పెట్టి ఉండగా అత్తగారు వంటింట్లోకి వచ్చారు. "ఇవాళ ఏకాదశి అమ్మాయ్" అన్నారు. అంతే.

అత్తగారిది బందరు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడం ఆవిడకు ప్రాణం. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, ఎప్పటివో పింగాణీ దొరలు. ఆ ఏడాది నన్ను పిలిచి, "నీ బల్లులు కూడా పెడదామా, కింది మెట్టు ఖాళీగా ఉంది" అన్నారు. పెట్టాం. కానీ నా కళ్లు పై మెట్ల మీదే. పిల్లనగ్రోవి కృష్ణుడు ఆవు కంటే పెద్దగా, ఆవు ఏనుగు కంటే పెద్దగా ఉన్నాయి. ఉండబట్టలేక అనేశాను. ఆవిడ దీపం సర్దుతూనే, "దేవుడికి స్కేలేమిటమ్మాయ్" అన్నారు. పేరంటానికి వచ్చిన పిల్లలంతా కింది మెట్టు దగ్గరే కూర్చున్నారని చెప్పాలి. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అది వాటి మెట్టే.

బాపు రిటైరై మంచిర్యాలలో ఉండేవాడు. ఒకసారి హైదరాబాద్ వచ్చినప్పుడు నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లాను. కోటాసారస్ అస్థిపంజరం అక్కడే నిలబెట్టి ఉంది. బాపు బోర్డు చదవలేదు. కడ్డీల పక్క నుంచి తోక చివర మొదలుపెట్టి అడుగులు వేసుకుంటూ తల దాకా వెళ్లాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. సర్వేయర్ అడుగు కొలతే, ఎప్పుడూ ఒక్క తీరుగా పడుతుంది. చాలాసేపు దాని తొడ ఎముక దగ్గర నిలబడ్డాడు. తర్వాత మెడ వెంట చూపు పైకి పోయింది.

"గా తల గూడ ఆడ దొరికిందేనా?"

లేదు బాపూ, పుర్రె దొరకలేదు. రెండు పళ్లు మాత్రమే దొరికాయట.

"మరి తల ఎట్ల పెట్టిన్రు?"

దగ్గరి జాతులను చూసి చేసి ఉంటారని చెప్పాను.

"అందాజ" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఎంత చేదుగా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

2015లో సఫారీ కంపెనీ కార్నెగీ వరసను ఆపేసింది. ఇరవై ఏడేళ్లు నడిచింది. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ అప్పటికి నెట్‌లో చూస్తూ ఉంటే ఇంతకంటే సరైన రూపాలతో, రంగులతో చైనా నుంచి, ఇతర దేశాల నుంచి కొత్త కంపెనీలవి వస్తూనే ఉన్నాయి. కొన్ని స్కేలు కూడా రాస్తున్నాయి. నేను మాత్రం కొనడం తగ్గించాను. బీరువా నిండింది అనేది పైకి చెప్పే కారణం. నాకు కావలసినది ఎవరూ చేయడం లేదు అనేది అసలు కారణం.

అందుకని నేనే మొదలుపెట్టాను. బాపు పోయిన తర్వాతి ఏడాది. ఇనుప తీగతో వెన్నెముక, నాలుగు కాళ్లు. దాని మీద ఎంసీల్. పైపుల లీకేజీకి వాడే ఎంసీలే, రెండు ముద్దలు కలిపి పిసికితే అరగంట సేపు చెప్పినట్టు వింటుంది, తర్వాత రాయి అయిపోతుంది. పొడవు 22.5 సెంటీమీటర్లు, ఒక్క గీత ఎక్కువా తక్కువా కాకుండా. తొడ ఎముక, భుజం, వీపు ఎత్తు, ఒక్కొక్కటీ కాగితం మీద మూడు వైపుల నుంచీ గీసుకుని చేశాను. చర్మం గరుకు కోసం చింతగింజను అరగదీసిన ముక్కతో అద్దాను. రంగు మా ఊరి ఎర్రమట్టి రంగు, దానికి ఏ ఆధారమూ లేదు, నా ఇష్టం. నీళ్లలో కూడా ముంచి చూశాను. పుస్తకంలో రెండున్నర టన్నులు అన్నారు, నాది కొంచెం ఎక్కువే తూగింది. పొట్ట దగ్గర గరుకు కాగితంతో రుద్ది తగ్గించాను.

తల దగ్గరికొచ్చి ఆగిపోయాను. కొన్ని వారాలు బీరువా మీద మొండెం అలాగే ఉంది. మా అబ్బాయి వీడియో కాల్‌లో చూసి, "అమ్మా, అపాటోసారస్ లాగే నీది కూడా 1932 దాకా ఆగుతుందా?" అని ఏడిపించాడు. చివరికి దగ్గరి బంధువుల తలలు చూసి ఒక తల చేశాను. కానీ మెడకు అతికించలేదు. మెడ చివర గుండుసూది ఒకటి నిలబెట్టి, తలకు కింద సన్నటి చిల్లు పెట్టాను. ఊడదీయవచ్చు, మళ్లీ పెట్టవచ్చు. యామన్‌పల్లి మట్టిలోంచి ఎప్పుడైనా ఎవరైనా పుర్రె తీస్తే ఇది మార్చేస్తాను. ఎంసీల్ పొట్లం ఒకటి విప్పకుండా దాచే ఉంచాను. దానికి ఎక్స్‌పైరీ ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడూ కొత్తది కొంటూ ఉంటాను.